నాకు వినపడని పాట

2012 డిసెంబరు. మునిర్కాలో బస్సెక్కిన అమ్మాయికి జరిగిన ఘోరంతో ఢిల్లీ అట్టుడుకుతోంది. 31 రాత్రి గుర్‌గావ్‌లో ఒక హోటల్లో పంజాబీ ర్యాప్ గాయకుడు హనీసింగ్ కచేరీ. ఆడవాళ్లను నీచంగా చూపే పాటలకు వేదిక ఇవ్వొద్దంటూ ఇంటర్నెట్‌లో సంతకాలు మొదలయ్యాయి. హోటల్‌వాళ్లు కచేరీ రద్దు చేశారు. అందరూ తిట్టిపోసిన పాట తనది కాదన్నాడు హనీసింగ్.

ఆ సంతకాల్లో నాదీ ఒకటి. పెట్టి ఊరుకున్నానా? ఆఫీసు క్యాంటీన్లో ఉపన్యాసం దంచాను. "మీ పంజాబీ పాటల్లో కారు, మందు, అమ్మాయి, మూడూ ఒకే కొట్లో సరుకులు. మాది త్యాగయ్య, అన్నమయ్య పాడిన భాష!" ఎదుటి పంజాబీ మిత్రుడు పాపం తలొంచుకుని పరాఠా తిన్నాడు.

వారం తిరక్కుండా మా కింది వాటా పంజాబీ ఆంటీజీ మెట్ల దగ్గర ఆపింది. "బేటా, నీకు ఫోన్ చేస్తే 'ధింకా చికా' వస్తుంది, మాటలు మాత్రం వేరే. ఏమిటది?"

పొంగిపోయాను. "అసలు మాదే ఆంటీజీ! 2009లో 'ఆర్య 2'లో 'రింగ రింగ'. దేవిశ్రీప్రసాద్ బాణీ. 2011లో సల్మాన్‌ఖాన్ 'రెడీ'కి దాన్నే వాడుకున్నారు."

"సరే, అర్థం?"

తెల్లమ్మాయి మన దేశమొచ్చి లంగావోణీ కట్టిందన్నదాకా హిందీ బాగానే పలికింది. ఆపైన నోరు పెగల్లేదు. తెలుగులో హుషారుగా ఊగించిన మాటే, హిందీలోకి తిప్పబోతే, బస్‌స్టాపులో పోకిరీ విసిరే మాటై కూర్చుంది. "ఏదో... సరదా పాట" అని గొణిగాను.

"అయితే మా పాటల్లాంటిదే" అని నవ్వి దిగిపోయింది.

కాలర్ ట్యూన్‌తో తిరకాసే అది. పెట్టుకున్నవాడికి వినపడదు, ఫోన్ చేసినవాళ్లు వినాలి. మా అమ్మాయి క్లాసు టీచరు, మా వదిన, రిసెప్షన్లో అమ్మాయి... మూడేళ్లుగా ఎందరి చెవిన వేశానో! హనీసింగ్ కచేరీకి టికెట్టు కొనని పెద్దమనిషిని, ఈ పాటకు మాత్రం నెలనెలా 30 రూపాయల చందా కట్టాను.

ఆ రాత్రే తీయించేశాను. మర్నాడు ఊర్నుంచి అమ్మ ఫోన్.

"పాట తీసేశావేంరా? అది వినపడితే నువ్వేనని తెలిసేది."