ప్యాచ్‌ప్రకాశిక: ఒక హంక్‌కు టీకా తాత్పర్యం

అవతారిక

కొలిచెల మల్లినాథ సూరి మూలంలో లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకుని కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాశాడు. సాఫ్ట్‌వేర్ మాన్యువల్ రాసేవాళ్లు ఆ ఒట్టులో మొదటి సగాన్ని చాలావరకు నిలబెట్టుకుంటారు. పేచీ అంతా రెండో సగంతోనే వస్తుంది. అక్కర ఎవరిదని అడిగితే వాళ్లు ప్రోగ్రాం వైపు చూస్తారు, చదివేవాడి వైపు చూడరు.

ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ మాన్యువల్లో ఫైళ్లను పోల్చడం మీద ఒక ప్రకరణం, ప్యాచ్‌లను, అంటే ఫైలులో చేయవలసిన మార్పుల చీటీలను, దిద్దడం మీద ఇంకొకటి ఉన్నాయి. రెండింటిలోనూ తప్పు పట్టవలసిందేమీ లేదు. కానీ రెండోదాంట్లో ఎక్కువ భాగం మీటల పట్టిక: ఇది నొక్కితే తరువాతి హంక్‌కు, అంటే ప్యాచ్‌లోని తరువాతి మార్పుల ముక్కకు పోతావు, అది నొక్కితే ఉన్న హంక్ పోతుంది. తెలిసినవాడికి ఆ పట్టిక జ్ఞాపకానికి పనికొస్తుంది. తెలియనివాడికి మాత్రం ఒక్క హంక్‌ను ఎదుట పెట్టి, ఏది ముట్టుకుంటే ఏది విరుగుతుందో చెప్పాలి. అందుకు మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టిన పద్ధతి ఉండనే ఉంది. కింది మూలం ఈ వ్యాఖ్యాత కల్పన, ఏ మాన్యువల్లోనూ లేదు. మాన్యువల్‌ను బాగుచేయడానికి ఎవరో పుణ్యాత్ముడు పంపిన ప్యాచ్ అనుకోవాలి.

మూలం

@@ -7,3 +7,4 @@
 రెండు ఫైళ్లను పోల్చుటకు డిఫ్ అను ఆజ్ఞ కలదు.
-ప్యాచ్‌ను చేతితో దిద్దవచ్చును.
+ప్యాచ్‌ను దిద్దునపుడు వరుస మొదటి గుర్తును చెరపరాదు.
+శిరస్సులోని లెక్కను ఈమాక్స్ తానే సరిచేయును.
 దిద్దిన పిమ్మట అతికించి చూడుము.

ప్రతిపదార్థం

@@ = హంక్ మొదలైనదని తెలుపు గుర్తు; - = పాత ఫైలునందు; 7 = ఏడవ వరుస మొదలుకొని; ,3 = మూడు వరుసలు; + = కొత్త ఫైలునందు; 7 = ఏడవ వరుస మొదలుకొనియే; ,4 = నాలుగు వరుసలు; @@ = శిరస్సు ముగిసినది. ఇక దేహమునందు, వరుస మొదట ఖాళీ యున్న = రెండు ఫైళ్లకును ఉమ్మడి; - యున్న = పోవునది; + యున్న = వచ్చునది.

అన్వయం

ఉమ్మడి వరుసలు రెండు, పోయేది ఒకటి, కలిపితే పాత లెక్క మూడు. ఉమ్మడి రెండు, వచ్చేవి రెండు, కలిపితే కొత్త లెక్క నాలుగు. శిరస్సుకూ దేహానికీ ఒప్పందం కుదిరింది. ఛందస్సులో గణాలు సరిపోయాయా లేదా అని వేళ్ల మీద లెక్కపెట్టుకునే అలవాటున్నవాళ్లకు ఇది కొత్త విద్యేం కాదు.

కర్త, కాలం

పీఠికలో రాయవలసింది మరిచి ఇక్కడ రాస్తున్నానని పెద్దలు అనుకోకూడదు. హంక్ చూశాక గానీ కర్త ఎవరన్న కుతూహలం పుట్టదు. డిఫ్ ప్రోగ్రాం బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్ రాసింది; 1974లో యూనిక్స్ అయిదో కూర్పుతో బయటికి వచ్చింది. అది చూపిన తేడాను తీసుకుని పాత ఫైలును కొత్తదిగా మార్చే ప్యాచ్ ప్రోగ్రాంను 1985లో లారీ వాల్ రాశాడు. పెర్ల్ భాష అతని చేతి మీదుగా తరువాత పుట్టింది. పైన మూలంలో కనిపించే, పాతా కొత్తా ఒకే చోట కలిసి ఉండే యూనిఫైడ్ రూపం 1990లో వేన్ డేవిసన్ చలవ. ముగ్గురూ వేర్వేరు కాలాల్లో వేర్వేరు అవసరాలకు రాశారు. మాన్యువల్ మాత్రం ఆ మూడింటినీ ఒకే రోజు ఒకే గదిలో పుట్టినట్టు చెబుతుంది.

శంక: వాడుకలో మార్పుకు పైన మూడు, కింద మూడు ఉమ్మడి వరుసలు ఇస్తారు కదా, ఇక్కడ ఒక్కొక్కటే ఉన్నదేమి?

సమాధానం: డిఫ్‌కు మైనస్ యూ పక్కన 1 అని చెబితే ఒక్కొక్కటే ఇస్తుంది. పత్రికలో చోటు తక్కువ గనుక ఇక్కడ అలా చేయడమైనది. పనిలో మాత్రం మూడింటికంటే తగ్గించకపోవడమే మేలు. ఆ ఉమ్మడి వరుసలు అలంకారానికి లేవు. డోర్ నంబర్లు మారిన వీధిలో పక్కింటివాళ్ల పేరు చెబితే ఇల్లు దొరికినట్టు, ఏడో వరుస ఈ మధ్యలో పదకొండో వరుస అయిపోయినా, ప్యాచ్ ఆ ఇరుగుపొరుగును బట్టి చోటు వెతుక్కుంటుంది. అప్పటికీ దొరక్కపోతే అంచుల్లో ఉన్న ఉమ్మడి వరుసను ఒకదాన్ని చూడనట్టు వదిలేసి వెతుకుతుంది, తరువాత రెండింటిని. మామూలుగా అంతకు మించి వదలదు. ఆ హంక్‌ను వేరే తిరస్కార ఫైలులో పడేసి తన దారిన తాను పోతుంది.

పాఠభేదం

కొన్ని ప్రతుల్లో శిరస్సు "-9,3" అని కనిపిస్తుంది. ఇది చెల్లుతుంది. పైన చెప్పిన వెతుకులాటలో సర్దుకుంటుంది. మరికొన్నింట్లో "-7,5" అని ఉంది. ఇది చెల్లదు, ప్యాచ్ పని ఆపేసి, ఫలానా వరుస దగ్గర ప్యాచ్ చెడిపోయిందని చెబుతుంది. రెండు అంకెలూ ఒకే కామాకు అటూ ఇటూ కూర్చున్నా మొదటిదాని మీద చూపే దయ రెండోదాని మీద ఉండదు. ఎందుకో ఏ మాన్యువలైనా చెబితే ఎంత బాగుండేది!

చెప్పనందున వ్యాఖ్యాతే చెబుతున్నాడు. హంక్ ఎక్కడ ముగుస్తుందో ఆ రెండో అంకె వల్లనే తెలుస్తుంది. ఉదాహరణకు ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ భాషలో వ్యాఖ్య రెండు మైనస్ గుర్తులతో మొదలవుతుంది. అలాంటి వరుసను తీసేస్తే ముందు ఇంకో మైనస్ చేరి మూడవుతాయి. ప్యాచ్‌లో పాత ఫైలు పేరు చెప్పే వరుస కూడా సరిగ్గా మూడు మైనస్‌లతోనే మొదలవుతుంది. కంటికి రెండూ ఒకటే. ఇది దేహమా, మరో ఫైలు శిరస్సా అన్న సందేహాన్ని లెక్క ఒక్కటే తీరుస్తుంది: ఇంకా ఒక వరుస రావాలి, కనుక ఇది దేహమే. ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే గిట్ ప్రోగ్రాం ఈమెయిల్ కోసం తయారుచేసే ప్యాచ్ చివర సంతకానికి ముందు రెండు మైనస్‌లూ ఒక ఖాళీ ఉన్న వరుస వస్తుంది. లెక్క లేకపోతే దాన్నీ తీసేయవలసిన వరుసగా భ్రమపడవచ్చు.

పాఠభేదాల మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. కడపలో సి.పి. బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి ఒకే గ్రంథానికి దొరికిన ప్రతులను పోల్పించాడు. వాళ్లు తేడా చూపడంతో ఆగలేదు; ఏ పాఠం నిలుస్తుందో వాదించి తేల్చారు. డిఫ్ ఆ జోలికి పోదు. ఒకదాని నుంచి ఇంకొకదానికి చేరడానికి వీలైనంత చిన్న దారి వెతకడం వరకే దాని వంతు. రాసినవాడు నిజంగా ఏం చేశాడో దానికి తెలియదు. అందుకే ఒక ఫంక్షన్ కొత్తగా చేరిస్తే, పై ఫంక్షన్ ముగింపు బ్రాకెట్టు కొత్తదన్నట్టూ, కొత్త ఫంక్షన్‌ది పాతదన్నట్టూ చూపిస్తుంది ఒక్కోసారి. ఫైళ్లను పోల్చే ప్రకరణంలో మొదటి పేరాలోనే ఉండవలసిన హెచ్చరిక ఇది.

శంక: "పోల్చుటకు" అన్నారు. ఏది పాత, ఏది కొత్త?

సమాధానం: టెర్మినల్లో డిఫ్ అని కొట్టి రెండు ఫైళ్లు ఇస్తే మొదటిది పాత, రెండోది కొత్త. ఈమాక్స్‌లో అదే పేరున్న ఆజ్ఞ ఇస్తే అది మొదట కొత్త ఫైలు పేరు అడుగుతుంది, ఆ తరువాతే పాతది! తెరిచి ఉన్న ఫైలే కొత్తదై ఉంటుందని దాని ఊహ, ఆ ఊహలో న్యాయం ఉంది. అయితే టెర్మినల్ అలవాటుతో వచ్చినవాడు తలకిందుల ప్యాచ్‌తో బయటపడతాడు. చేర్చినవన్నీ తీసేసినట్టు కనిపిస్తాయి. తిప్పడానికి కంట్రోల్-సి, కంట్రోల్-ఆర్ ఉన్నాయనుకోండి. మందు ఉందని పథ్యం మానలేం కదా.

విశేషం

"మొదటి గుర్తును చెరపరాదు" అన్న వరుసే ఈ మూలానికి ప్రాణం. తీసేయదలచిన వరుసను ఉంచుకోవాలనిపిస్తే, మైనస్‌ను చెరిపేయకూడదు, దాని చోట ఒక ఖాళీ పెట్టాలి. చేర్చదలచిన వరుస వద్దనుకుంటే ప్లస్‌ను మాత్రమే తీయకూడదు, వరుస మొత్తాన్ని తీయాలి. ఈ రెండూ తెలిస్తే ప్యాచ్ దిద్దడంలో ముప్పాతిక వంతు వచ్చినట్టే. గిట్‌లో ముక్కలు ముక్కలుగా చేర్చేటప్పుడు ఇ నొక్కి హంక్‌ను తెరిస్తే, ఈ రెండు సూత్రాలూ ఆ ఫైలు అడుగునే రాసి ఉంటాయి. పని జరిగే చోట, పని జరిగే వేళ. మాన్యువల్ రాసేవాళ్లు దాని పక్కన కూర్చుని నేర్చుకోదగ్గ పాఠం.

ఉమ్మడి వరుస ఖాళీదైతే ఇంకో గొడవ. ఖాళీ వరుసకు ముందు ఖాళీ గుర్తు, అంటే కంటికి కనిపించనిదానికి ముందు కంటికి కనిపించనిది. వరుసల చివరి ఖాళీలను తుడిచేసే శుభ్రత ఎడిటర్లలో ఉంటుంది, అది దీన్నీ తుడిచేస్తుంది. కొన్ని పనిముట్లు సహిస్తాయి, కొన్ని మొరాయిస్తాయి. ప్యాచ్ దిద్దేటప్పుడు ఆ మడిని కాసేపు పక్కన పెట్టాలి.

"ఈమాక్స్ తానే సరిచేయును": ప్యాచ్‌ల కోసమే ఉన్న డిఫ్ మోడ్‌లో దిద్దుతున్నంతసేపే. ఆ పని వద్దంటే ఆపేసే ఏర్పాటూ ఉంది. అదే ప్యాచ్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచినవాడికి వేళ్లే గతి.

విమ్ అనే మరో ఎడిటర్ మతస్థులు ఇక్కడ అడ్డు తగులుతారు: ప్యాచ్‌ను దిద్దడమెందుకు, రెండు ఫైళ్లనూ పక్కపక్కన తెరిచి, ఇటు నుంచి అటు డి పి అని, అటు నుంచి ఇటు డి ఓ అని నెట్టుకుంటే పోదా అని. పోతుంది, రెండు ఫైళ్లూ మన దగ్గరే ఉంటే. ఈమాక్స్‌లో ఈడిఫ్ చేసేదీ అదే, అక్కడ ఎ, బి అన్న మీటలు చాలు. కానీ ఎక్కడో ఉన్నవాడు ప్యాచ్ ఒక్కటే పంపితే పక్కన పెట్టడానికి రెండో ఫైలేది? ఈ రెండు దారులు ఎప్పుడెప్పుడు పట్టాలో చెప్పే ఒక్క వాక్యం మాన్యువల్లో మీటల పట్టికకు ముందు ఉండి తీరాలి.

"అతికించి చూడుము": హంక్ మీద కర్సర్ ఉంచి కంట్రోల్-సి, కంట్రోల్-ఎ. అతుక్కున్నాక కర్సర్ తనంత తాను తరువాతి హంక్ మీదికి పోతుంది. మళ్లీ నొక్కితే పాతది కాదు, దాని తరువాతిది అతుక్కుంటుంది. అది ముందే అతికి ఉన్నదైతే ఈమాక్స్ ఆగి, ఇది ఇదివరకే ఉంది, ఊడదీయనా అని అడుగుతుంది. ప్రతిదానికీ వై నొక్కే అలవాటున్నవాడు అప్పుడూ వై నొక్కుతాడు. మూలకర్త ఆ ప్రశ్నకు ఒక వరుస కేటాయించలేదు. కేటాయిస్తే శిరస్సులో నాలుగు అయిదవుతుంది.