చెరువు నిండిన ఏడు కొన్న బండి

పెద్ద బండి ఉన్నవాణ్ణి నలుగురిలో అడగకూడని ప్రశ్న ఒకటుంది. "మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటావా?" అడిగామా, "కళ్లు మూసుకుని కొంటా" అనే అంటాడు. ఇంకోమాట ఎట్లా అంటాడు? కొననంటే ఇరవై లక్షలు పోసి పొరపాటు చేశానని సెంటర్లో నిలబడి చాటినట్టే. ఇన్నాళ్లూ నేనూ అదే జవాబు చెప్పాను. మా కంభంలోని కందులాపురం సెంటర్లో టీ తాగుతూ చెప్పాను, పెళ్లి పందిళ్లలో చెప్పాను, సలహా అడగడానికి వచ్చిన కుర్రాళ్లకీ చెప్పాను. వాళ్లలో ఒకరిద్దరు నా మాట పట్టుకుని కొన్నారు కూడా. ఇప్పుడు వాళ్లు వాయిదాల గురించి మాట్లాడుకుంటుంటే నాకు మొహం చెల్లడం లేదు. అందుకని ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తున్నాను. మీరు నవ్వినా సరే, చివరిదాకా వినండి.

మా పడమటి ప్రకాశంలో పెద్ద బండి మీద మోజు ఈనాటిది కాదు. నా చిన్నప్పుడు గిద్దలూరు రోడ్డు మీద కమాండర్ జీపులు తిరిగేవి. లోపల పదిమంది, వెనక వేలాడుతూ మరో అరడజను మంది, టాపు మీద బస్తాలు. బస్సు రాని ఊళ్లకి అదే బస్సు. 1994లో టాటా సుమో వచ్చింది. తెల్ల సుమో దిగినవాడికి పంచాయితీలో అడక్కుండానే కుర్చీ పడేది. ఆ తర్వాత ఫ్యాక్షన్ సినిమాలు వరసకట్టాయి, సుమోలు గాల్లోకి లేస్తుంటే హాల్లో మేమూ లేచేవాళ్లం. 1998లో సఫారీ, 2002లో స్కార్పియో, 2009లో ఫార్చూనర్. కొత్త బండి వచ్చినప్పుడల్లా పెద్దరికం కొలత మారింది. నా బండి పేరు మాత్రం చెప్పను. తప్పు దానిది కాదు, దాన్ని ఎంచుకున్న నాది.

నాది కంభంలో ఎరువులు, పురుగుమందుల కొట్టు. కొట్టంటే అద్దాల తలుపులూ ఏసీలూ ఏం లేవు. యూరియా బస్తాలు, వాటి వాసన, గోడకు ఒక ఖాతా పుస్తకం. మా వ్యాపారాలన్నీ వాన మీద, చెరువు మీద నడుస్తాయి. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల నడుమ కట్టిన చెరువు ఇది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. ఎంత పేరున్నా, నల్లమలలో వాన పడితేనే నిండుతుంది. నిండని ఏళ్లే ఎక్కువ. అలుగు పారిన ఏడు మాత్రం కంభంలో అందరి చేతులూ ఆడతాయి. వరి వేస్తారు, మిరప వేస్తారు, బాకీలు వసూలవుతాయి. అట్లాంటి ఏడే నా కళ్లు నెత్తికెక్కాయి.

అప్పటికి నాకొక చిన్న కారుంది. దానికి ఏ జబ్బూ లేదు. ఇంట్లో ఉండేది ఐదుగురం, అది ఐదుగురినీ మోసేది. కానీ మా తోడల్లుడు పెద్ద బండి కొన్నాడు. ఇంతకు మించి కారణం ఉందని నన్ను నేను నమ్మించుకోవాలని చాలా చూశాను, ఇంట్లోవాళ్లనీ నమ్మించాను. "అమ్మకి మోకాళ్ల నొప్పులు, కాళ్లు చాపుకుని కూర్చుంటుంది" అన్నాను. "ఘాట్ రోడ్డు కదా, సేఫ్టీ" అన్నాను. "రేపు పిల్లల పెళ్లిళ్లకి కావాలి" అన్నాను. పెద్దమ్మాయి అప్పుడు ఏడో తరగతి.

ఒంగోలులో షోరూముకు పోయాం. అక్కడి కుర్రాడు నన్ను "సార్" అన్న తీరుకే సగం కొనేశాను. ఐదేళ్ల వాయిదా లెక్క చూసి మా ఆవిడ మొహం ముడుచుకుంది. ఆ పిల్లాడు అది కనిపెట్టి ఏడేళ్ల కాగితం ముందు పెట్టాడు. నెలకు తొమ్మిది వేలు పైగా తగ్గిపోయింది. నాకు లాభం వచ్చినట్టే అనిపించింది! ఆ లెక్కేమిటో మీరే చూడండి. ఇరవై లక్షల అప్పు, 9 శాతం వడ్డీ. ఐదేళ్లకైతే నెలకు రూ.41,500 చిల్లర, మొత్తం వడ్డీ రూ.4.9 లక్షలు. ఏడేళ్లకైతే నెలకు రూ.32,200 దాకా, మొత్తం వడ్డీ రూ.7 లక్షలు. నెలవారీ చూసి మురిసిపోయినవాడు రెండు లక్షలు అదనంగా రాసిచ్చాడు. రోజూ రైతులకు వడ్డీ లెక్క కట్టి చెప్పేవాణ్ణి, నా వంతు వచ్చేసరికి కూడిక కూడా మర్చిపోయాను. వాన ఒక ఏడు పడింది, అప్పు ఏడేళ్లకు చేశాను. నా తెలివితక్కువంతా ఈ ఒక్క మాటలో ఉంది.

బండి తెచ్చి, గుమ్మడికాయ కొట్టి, చెరువుకట్ట దగ్గర నిలబెట్టి ఫొటోలు దిగి, బంధువులందరికీ పంపాను. అంతా బాగుంది. ఇక ఇంటికి తీసుకుపోవాలి.

మాది పాత ఊళ్లో సందు. అరుగులు, మురుగుకాలవ, మలుపులో కరెంటు స్తంభం. చిన్న కారు పాములాగా దూరేది. ఇది అద్దాలు కాక ఆరడుగుల పైచిలుకు వెడల్పు. కొనేముందు సందు కొలవాలని నాకు తట్టనే లేదు. ముందుకు పోనిచ్చాను, మలుపులో ముక్కు తిరగలేదు, వెనక్కి తీద్దామంటే వెనక ఆటో, ఆటో వెనక కూరగాయల బండి, సెన్సార్లు కీచుకీచుమంటున్నాయి, స్క్రీనంతా ఎర్రగీతలు, అరుగు మీది ముసలాయన "కుడికి కొట్టు" అంటాడు, మేడమీది ఆమె "కుడికి కాదు, మా మెట్లు" అంటుంది, పిల్లలు "రానీ రానీ" అని అరుస్తున్నారు, నేను రానిచ్చాను, గర్రుమంది. స్తంభం తలుపును ఆ చివర నుంచి ఈ చివరకు గీసేసింది. హారతి పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడిన మా అమ్మ అక్కడే ఉండిపోయింది. బండి ఇంటికి రాలేదు. ఆ రోజు నుంచి అది ఉండేది రోడ్డు మీది మిల్లు ఆవరణలో, నెల అద్దె కట్టుకుని. బండెక్కాలంటే నేను మోటారు సైకిలు మీద మిల్లుకు పోవాలి. మా అమ్మ మోకాళ్ల కోసం కొన్న బండి ఎక్కడానికి మా అమ్మ సందు చివరిదాకా నడవాలి. నడిచి వచ్చాకైనా ఎక్కగలదా అంటే, మెట్టు ఎత్తు. డిక్కీలో ముక్కాలి పీట ఒకటి పెట్టుకుని తిరుగుతున్నాం. ఆగిన చోటల్లా పీట దించాలి, అమ్మను ఎక్కించాలి, పీట సర్దాలి. "చిన్నదాంట్లో హాయిగా కూర్చునేదాన్ని కదరా అబ్బయ్యా" అని ఆమె ఒక్కసారే అంది. ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

తర్వాత దీపం వెలిగింది. డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధన వచ్చాక డీజిల్ బండ్లకు పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటోంది. పట్టిన మసి కాలిపోవాలంటే బండి ఆగకుండా కాసేపు వేగంగా పరుగెత్తాలి, సైలెన్సర్ గొట్టం బాగా వేడెక్కాలి. నేనేమో మిల్లు నుంచి కొట్టుకు, కొట్టు నుంచి బ్యాంకుకు. అది వేడెక్కేలోపే నా పని అయిపోయేది. "రోజూ ఇట్లా అరకిలోమీటరు తిప్పితే ఫిల్టరు మూసుకుపోతుందన్నా, హైవే ఎక్కించు" అన్నాడు మెకానిక్. హైవే ఎక్కించాను. దీపం వెలిగినప్పుడల్లా, ఏ పనీ లేకపోయినా, గిద్దలూరు దాకా పోయి తిరిగి వచ్చేవాణ్ణి. లీటరుకు పన్నెండు కిలోమీటర్లిస్తే గొప్ప. డీజిల్ లీటరు వంద దగ్గర్లో ఉంది, అంటే కిలోమీటరుకు ఎనిమిది రూపాయలు. మసి కాల్చడానికి డబ్బు కాల్చాను.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. నేను అస్సలు ఊహించనిది కొట్టులో జరిగింది. బాకీ అడిగితే రైతులు నా వైపు కొత్తగా చూడటం మొదలుపెట్టారు. "నీకేందన్నా తక్కువ, అంత బండి కొన్నావు. పంట అమ్మినాక ఇస్తాలే" అనేవాళ్లు. నేను కూడా అప్పులోనే ఉన్నానని ఎట్లా చెప్పను? అప్పు లేనట్టు కనిపించడానికే కదా కొన్నది! గుడి కమిటీ చందా పుస్తకంలో నా పేరు పక్కన అంకె తనంతట తనే పెరిగింది. పెళ్లికొడుకుని తేవడానికి నా బండి, రాత్రిపూట కాన్పుకు ఒంగోలు పోవడానికి నా బండి, ఎన్నికలప్పుడు ప్రచారానికి నా బండి. కాన్పుకు ఇచ్చినందుకు ఎప్పుడూ బాధపడలేదు. మిగతావాటికి "లేదు" అనే ధైర్యం నాకు లేకపోయింది. ఆ తర్వాత వరసగా వాన మొహం చాటేసింది, చెరువు అడుగంటింది, కొట్టు వెలవెలబోయింది. వాయిదా మాత్రం ఠంచనుగా వచ్చేది.

అమ్మేద్దామా అని ఒకసారి కూర్చుని లెక్క రాశాను. బీమా నిబంధనల ప్రకారం నాలుగేళ్లు దాటిన బండి విలువను షోరూం ధరలో సగంగా లెక్కేస్తారు. ఇరవై లక్షల బండి పది లక్షలు. ఏడేళ్ల అప్పు నాలుగేళ్లు కట్టాక మిగిలే అసలెంతో తెలుసా? అదీ పది లక్షల పైమాటే. పదిహేను లక్షలకు పైగా కట్టి, చేతిలో సున్నాతో నిలబడ్డానన్నమాట. ఆ లెక్క రాసిన కాగితం మా ఆవిడ చూసింది. "ఏందండీ, తప్పు రాశారా?" అంది. తప్పు లేదు, అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

మనలో మన మాట, ఈ బలహీనత లేనివాళ్లు ఎవరండీ? ఒకరికి బండి, ఒకరికి మూడంతస్తుల మేడ, ఒకరికి ఆకు పట్టనన్ని వంటకాలతో పెళ్లి. మనం ఎంత ఉన్నవాళ్లమో పక్కవాడు మనకు చెప్పాలి, అదీ మనందరి ఆశ. అమెరికా పోయినా అంతే. డల్లాస్‌లో ఉండే మా మేనమామ కొడుకు షెవ్రొలే సబర్బన్ కొన్నాడు. 1935 నుంచి ఆ పేరుతో వస్తున్న బండి, ఇప్పుడు దాదాపు 5.7 మీటర్ల పొడవు. అది మా సందులోకి వస్తే రెండిళ్లు పడగొట్టాలి. "మళ్లీ కొంటావా?" అని అడిగాను. "కొంటా బావా. ముగ్గురు పిల్లలు, అమ్మానాన్న, అత్తామామ వస్తే తొమ్మిదిమందిమి. ప్రతి వారం సీట్లన్నీ నిండుతాయి" అన్నాడు. అతని మాట నిజం. నా బండిలో మూడో వరస సీట్లకు ప్లాస్టిక్ కవరు ఇంకా అట్లాగే ఉంది.

బండికి అన్యాయం చేయను. నల్లమల ఘాట్లో, దిగువమెట్ట దాటి నంద్యాల వైపు ఎక్కుతుంటే, వాన కురుస్తున్నా అది రోడ్డును పట్టుకున్న పట్టు నాకు ఇష్టం. గుంతల్లో నడుం విరగదు. పొలాలకు, క్వారీలకు రోజూ మట్టిరోడ్ల మీద తిరిగే కంట్రాక్టరు మిత్రుణ్ణి అడిగితే రెండో ఆలోచన లేకుండా అదే కొంటానన్నాడు. అతని అవసరం బండంత పెద్దది. పదిమంది ఉన్న ఉమ్మడి కుటుంబం, రోజూ దూరప్రయాణం, నిజంగా రోడ్డు లేని ఊరు, ఇవి ఉన్నవాళ్లు కొనాల్సిందే. మిగిలినవాళ్లం కొనేది సీట్లను కాదు, పక్కవాడి చూపును.

కాబట్టి నా జవాబు ఇదీ. మళ్లీ కొనను. చిన్న కారు ఉంచుకుని, ఏడాదిలో వచ్చే నాలుగు పెద్ద ప్రయాణాలకి పెద్ద బండి అద్దెకు తీసుకుంటాను.

కొనాలని ఊగుతున్న తమ్ముళ్లకి ఒక మాట. 4 మీటర్లు దాటిన పొడవు, 1500 సీసీ దాటిన ఇంజను, 170 మిల్లీమీటర్లు, అంతకు పైన గ్రౌండ్ క్లియరెన్సు ఉన్న బండి మీద పన్ను మోత గతంలో జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. తగ్గింది కదా అని పరుగెత్తకండి. బీమాలో థర్డ్ పార్టీ ఒక్కటే 1500 సీసీ దాటితే ఏడాదికి రూ.7,897, 1000 నుంచి 1500 సీసీ లోపైతే రూ.3,416, 2022 జూన్‌లో పెట్టిన రేటు ప్రకారం. ముందు టేపు తీసుకుని మీ సందు కొలవండి. పోయిన ఏడాదిలో ఐదుగురికి మించి ఎన్నిసార్లు ప్రయాణం చేశారో ఇంట్లోవాళ్లను అడగండి. వాన లేని ఏడు కూడా కట్టగలిగిన వాయిదాకే సంతకం పెట్టండి. ఇక కొన్నవాణ్ణి అడగదలుచుకుంటే కొత్తవాణ్ణి అడగొద్దు, సెంటర్లో అడగొద్దు. అయిదేళ్లు నడిపినవాడి ఇంటికి పోయి, అతని భార్య ముందు అడగండి.