పెదనాన్నగారి ఎర్రముద్ర

మా ఇంటిపేరు వాళ్లందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అడ్మిన్ మా పెదనాన్నగారు. సభ్యులం 87 మందిమి. అందులో 11 మంది డల్లాస్‌లో ఉంటారు. అక్కడ పొద్దుగూకుతున్నా సరే, తామరపువ్వు మీద కూర్చున్న ఆయన శుభోదయం వాళ్లకి చేరి తీరాల్సిందే.

2016 నవంబరులో కొత్త 2000 నోటులో నానో చిప్ ఉందనీ, 120 మీటర్ల లోతున పాతిపెట్టినా అది ఉపగ్రహానికి కబురు పంపుతుందనీ మాకు తెలియజేసింది ఆయనే. అప్పట్లో కొన్ని టీవీ చానళ్లు కూడా అదే మాట చెప్పాయి కాబట్టి ఆయన్ని ఒక్కణ్నే అనడానికి లేదు. ఆ నోటుని పోపులడబ్బాలో దాచుకోవచ్చా, ఆవాలకేమైనా అవుతుందా అని మా మేనత్త మూడు రోజులు మథనపడింది. జనగణమనని ప్రపంచంలోకెల్లా గొప్ప జాతీయగీతంగా యునెస్కో ప్రకటించిందన్న శుభవార్త కూడా ఆయన చేతుల మీదుగానే ఏటా రెండుసార్లు వస్తుంది, జనవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి. తామలాంటిదేమీ ప్రకటించలేదని యునెస్కో వాళ్లు ఏనాడో చెప్పారు. కానీ యునెస్కో మా గ్రూపులో లేదు.

అలాంటి పెదనాన్నగారు కిందటేడు ఉన్నట్టుండి అబద్ధాల మీద యుద్ధం ప్రకటించారు. సంగతేమిటంటే, నూజివీడు దగ్గర మాకో ఉమ్మడి మామిడితోట ఉంది. దాని కౌలు డబ్బు మూడేళ్లుగా ఎవరి ఖాతాలో పడుతోందని మా బాబాయి కొడుకు గ్రూపులో అడిగాడు. పది నిమిషాలు తిరక్కుండా ఆ మెసేజే ఫొటోగా వెనక్కి వచ్చింది, అడ్డంగా ఎర్రటి ముద్రతో: ‘అవాస్తవం’. ప్రశ్న అవాస్తవం ఎలా అవుతుంది పెదనాన్నా అని అడగబోయాను. టైపు చేసే చోటు మాయమైంది. ఇకపై ఈ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాయగలరట.

ఆయన్ని తప్పుపట్టలేను. పై వాళ్లని చూసే నేర్చుకున్నారు.

2023 ఏప్రిల్ 6న కేంద్ర ప్రభుత్వం ఐటీ నిబంధనల్ని సవరించింది. కేంద్రం వ్యవహారాల గురించి సోషల్ మీడియాలో వచ్చేవాటిలో ఏది బూటకమో, ఏది అబద్ధమో, ఏది తప్పుదోవ పట్టించేదో తేల్చడానికి ఒక నిజనిర్ధారణ విభాగం ఉంటుందని చెప్పింది. పెట్టేదెవరు? కేంద్రం. పరీక్షించేది ఎవరి గురించిన మాటల్ని? కేంద్రం గురించిన మాటల్ని. పసుపునీళ్లతో క్యాన్సర్ పోతుందనే వాళ్లతో దానికి పనిలేదు. పక్కింటివాడి మీద పక్కింటివాడు పుట్టించే పుకారుతోనూ పనిలేదు. గట్టు తగాదా వస్తే, గట్టు జరిపాడని పేరు పడినవాణ్ని తీర్పు చెప్పడానికి రచ్చబండ ఎక్కించకూడదన్న పాటి ఇంగితం బడి మొహం చూడని మా తాతకి ఉండేది. ఆయన ఐటీ నిబంధనలు చదవలేదు, పాపం.

ఇందులో నిషేధం ఎక్కడుంది, మేమేమీ నిషేధించడం లేదే అన్నారు ఢిల్లీ పెద్దలు. నిజమే, ఆ మాట లేదు. ఉన్నదల్లా గొడుగు. జనం పెట్టే పోస్టులకి కంపెనీలు శిక్షపడకుండా ఐటీ చట్టం 79వ సెక్షన్ ఒక గొడుగు పడుతుంది. ముద్ర పడిన పోస్టుని ఉంచుకున్న కంపెనీకి ఆ గొడుగు పోయే ప్రమాదం ఉంటుంది. మీరూ నేనూ పెట్టిన నాలుగు వాక్యాల కోసం ఏ కంపెనీ వానలో తడుస్తూ కోర్టులో నిలబడుతుంది? మీట నొక్కి తీసేసి, గొడుగు కిందే హాయిగా ఉంటుంది.

కునాల్ కామ్రా అనే హాస్యగాడు దీని మీద బొంబాయి హైకోర్టుకి వెళ్లాడు. ప్రభుత్వాన్ని చూసి నవ్వడమే బతుకుతెరువైనవాడు కదా, ముందుగా అతనికే కాలింది. 2024 జనవరి 31న ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పూ చెప్పారు. వ్యవహారం మూడో న్యాయమూర్తికి వెళ్లింది. అది తేలకుండానే మార్చి 20న కేంద్రం తన సమాచార సంస్థ పీఐబీలోని నిజనిర్ధారణ విభాగానికే ఆ హోదా కట్టబెడుతూ నోటిఫికేషన్ ఇచ్చింది. ఎన్నికల షెడ్యూలు వచ్చి అప్పటికి వారం కూడా కాలేదు, ముహూర్తం అంత బాగా కుదిరింది. మర్నాడే సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. సెప్టెంబరు 20న ఆ మూడో న్యాయమూర్తి, జస్టిస్ చందూర్కర్, ఆ సవరణ రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చి కొట్టేశారు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఉచిత ల్యాప్‌టాప్ పథకం అంటూ జనానికి గాలం వేసే లింకుల మీద పీఐబీ 2019 చివరి నుంచీ ముద్రలు వేస్తోంది. వాటివల్ల మా మేనత్త రెండుసార్లు బతికిపోయింది. ‘ఇది అబద్ధం, అసలు సంగతి ఇదీ’ అని ప్రభుత్వం జవాబు చెబితే ఎవరు కాదన్నారు? పెదనాన్నగారు కౌలు లెక్క చెప్పి, ఆ తర్వాత కావలిస్తే వంద ముద్రలు వేసుకోవచ్చు.

ఇదేదో ఢిల్లీ గాలికి వచ్చే జబ్బు అనుకుంటే మనల్ని మనం తక్కువ చేసుకున్నట్టే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్ హయాంలో, 2007లోనే జీవో 938 వచ్చింది, తప్పుడు వార్తలు రాసే పత్రికల మీద కేసులు వెయ్యమని. గోల లేస్తే పక్కన పెట్టారు. 2019 అక్టోబరులో అబ్బాయిగారి హయాంలో అదే సరుకు జీవో 2430గా తిరిగొచ్చింది. ఈసారి సోషల్ మీడియాని కూడా కలుపుకుని, కేసులు వేసే అధికారం ఆయా శాఖల కార్యదర్శులకే ఇచ్చారు. అప్పుడు అన్యాయం అన్యాయం అని గుండెలు బాదుకున్న పార్టీ 2024లో గద్దెనెక్కింది. నవంబరు వచ్చేసరికి అవతలి పార్టీ సోషల్ మీడియా వాళ్ల మీద కేసులు, అరెస్టులు వరుసకట్టాయి. బూతులు రాసినవాళ్లు అందులో లేరని నేననను. బూతుకీ ప్రశ్నకీ తేడా తేల్చే పని మాత్రం ఎప్పుడూ స్టేషన్లోనే ఎందుకు జరుగుతుందో తెలియదు. కర్ణాటక 2025లో తయారుచేసిన ముసాయిదాలోనైతే తప్పుడు వార్తకి 7 ఏళ్ల దాకా జైలు. అక్కడున్నది ఢిల్లీలో వాక్‌స్వేచ్ఛ కోసం గొంతు చించుకునే పార్టీయే.

ఇక అదే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ కథ. ‘చికాకు కలిగించే’ మాటకి 3 ఏళ్ల దాకా జైలు వేసే ఆ సెక్షన్‌ని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. బెంచి మీద ఉన్న ఇద్దరిలో ఒకరు మా కృష్ణా జిల్లా జస్టిస్ చలమేశ్వర్‌ అని చెప్పుకుని మేం కాలరెగరేశాం. ఆరేళ్ల తర్వాత, 2021లో, చచ్చిన ఆ సెక్షన్ కిందే పోలీసులు ఇంకా కేసులు రాస్తున్నారని తెలిసి సుప్రీంకోర్టే నివ్వెరపోయింది. దేశంలో అన్ని ఫార్వార్డులూ క్షణాల్లో ఊరూరా చేరతాయి, ఈ తీర్పు ఒక్కటే స్టేషన్ గడప ఎక్కలేకపోయింది.

డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య కొడుకు ఇదంతా విని నవ్వాడు. ‘అందుకే బాబాయ్, ఎవరూ ఏదీ తీయకూడదు. నిజం దానంతటదే గెలుస్తుంది’ అన్నాడు. వాడికి ఎలాన్ మస్క్ దేవుడు. 44 బిలియన్ డాలర్లు పోసి ట్విటర్ కొన్న ఆ దేవుడు 2022 నవంబరులో, తన విమానం జాడ చెప్పే ఖాతాని సైతం నిషేధించను, వాక్‌స్వేచ్ఛ మీద నాకున్న నిబద్ధత అలాంటిది అన్నాడు. డిసెంబరులో ఆ ఖాతా పోయింది. దాని గురించి రాసిన విలేకరుల ఖాతాలు కొన్ని దాని వెంటే పోయాయి. నిబద్ధత నెలన్నర దాటలేదు.

ఫేస్‌బుక్ స్వామివారిది ఇంకో తీరు. కరోనా వైరస్‌ని మనుషులే తయారుచేశారన్న మాటని 2021 ఫిబ్రవరిలో అబద్ధాల పట్టీలో చేర్చి తీసేయించారు. మే నెలాఖరుకి, ఇక తీయక్కర్లేదన్నారు. ఆ మూడు నెలల్లో వైరస్ మారలేదు, అమెరికాలో గాలి మారింది. 2025 జనవరిలో గాలి మళ్లీ తిరగ్గానే అమెరికాలో నిజనిర్ధారకులకే సెలవిచ్చేశారు. సత్యం మీద ఇంత పట్టున్నవాళ్లు పంచాంగం వేస్తే బాగా అమ్ముడుపోయేది.

మరి అబద్ధాన్ని వదిలేద్దామా? 2018 గుర్తున్నవాళ్లెవరూ ఆ మాట అనలేరు. కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ఒక వీడియో. బైకు మీద వచ్చినవాళ్లు పిల్లాణ్ని ఎత్తుకుపోయి, వెంటనే తిరిగి తెచ్చి దింపుతారు. ఎవడో పుణ్యాత్ముడు ఆ దింపే ముక్క కోసేశాడు. ఆ మిగిలిన ముక్కా, దానికి తోడు పిల్లలదొంగల ముఠా దిగిందన్న గొంతులూ ఫోన్లలో దేశమంతా తిరిగాయి. ధూలే జిల్లాలో బిచ్చానికి వచ్చిన సంచారజాతివాళ్లు ఐదుగురిని కొట్టి చంపారు. బీదర్ దగ్గర, పిల్లలకి చాక్లెట్లు ఇచ్చిన పాపానికి, మన హైదరాబాద్ నుంచి వెళ్లినవాడొకడు కారుతో సహా చిక్కి ప్రాణం పోగొట్టుకున్నాడు. నిజం దానంతటదే గెలిచే లోపల శవపంచనామా అయిపోయింది.

ఆ ఎండాకాలమే జోగులాంబ గద్వాల జిల్లాలో ఆరుబయట మంచాలేసుకుని పడుకునే జనం పొద్దుగూకగానే తలుపులు బిడాయించుకుంటున్నారని కానిస్టేబుళ్లు కనిపెట్టారు. ఎస్పీ రెమా రాజేశ్వరి వాళ్లని ఊళ్లమీదికి పంపారు. డప్పు కొట్టించారు, పాటలు కట్టి పాడించారు, గ్రూపుల్లో చేరి ఇది కోత వీడియో అని చెప్పించారు. ఆ జిల్లాలో ఒక్క ప్రాణం పోలేదు. ఆ జులైలో వాట్సాప్ కూడా మన దేశంలో ఒక మెసేజిని ఒకేసారి 5 చోట్లకి మించి పంపలేకుండా బిగించింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే బాగా తిరిగిన మెసేజిని ఒకసారికి ఒక్కచోటికే పంపేలా ఇంకాస్త బిగిస్తే, అలాంటివి 70 శాతం తగ్గాయని కంపెనీయే చెప్పుకుంది. ఎవరి నోరూ నొక్కలేదు, ఏది నిజమో తేల్చడానికి ఎవరూ సింహాసనం ఎక్కలేదు. అయినా ఈ దారి మీద మన నాయకులకి మోజు లేదు. డప్పు కొడితే జనం ఎదురు ప్రశ్న వేస్తారు. మీట బిగిస్తే తమ పార్టీ ఐటీ సెల్ సరుకు కూడా ఐదు చోట్లే ఆగిపోతుంది. కంపెనీల సంగతి చెప్పేదేముంది, కుళాయి ఎంత ధారగా పారితే వాళ్లకి అంత ఆదాయం.

మొన్న తాతగారి తద్దినానికి అందరం నూజివీడులో కలిశాం. బంతిలో పెదనాన్నగారి ఎదురుగా మా బాబాయి కొడుకు కూర్చున్నాడు. అక్కడ అడ్మిన్ ఎవరూ లేరు. కౌలు సంగతి మళ్లీ అడిగాడు. పెదనాన్నగారు కాసేపు చూసి, జేబులోంచి ఒక శుభలేఖ తీశారు. దాని వెనకాల పెన్సిలుతో లెక్క. బోరు మరమ్మతు, ముళ్లకంచె, మందులు, అన్నీ పైసలతో సహా ఉన్నాయి. అట్టడుగున ఒక పద్దు: ఇతరములు, 84,000.

కాగితం చేతులు మారి మా మేనత్త దగ్గరికి వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని చదివింది.

“ఇతరములంటే ఏంటన్నయ్యా?”

పెదనాన్నగారు వంటవాణ్ని కేకేసి, పెరుగు తెమ్మన్నారు.