నానిన పప్పు

నానబెట్టడం వేరు, నాన్చడం వేరు. మినప్పప్పు నాలుగు గంటలు నానితే గారెలవుతాయి. మర్నాడు సాయంత్రం దాకా గిన్నెలోనే ఉంటే నురగ కట్టి, మూత తీయగానే ఇంటిల్లిపాదీ ముక్కు మూసుకోవాలి. వంటింట్లో ఈ సంగతి అందరికీ తెలుసు. అరుగు మీదికొచ్చేసరికి మాత్రం మన పెద్దమనుషులకు మరుపొస్తుంది. "ఇప్పుడెందుకు కదిలించడం, కాలమే తేలుస్తుంది" అంటారు. అలా అన్నవాడికి మన దగ్గర మంచి పేరు. ఓర్పున్నవాడు, లౌక్యం తెలిసినవాడు, పదిమందినీ కలుపుకుపోయేవాడు. రండి తేల్చుకుందాం అన్నవాడేమో తగువులమారి.

మా ఇంట్లోనూ ఈ లౌక్యం జరిగింది. మాది నాగార్జునసాగర్ కుడికాలువ చివరి భూముల ఊరు. మా నాన్న, పెదనాన్న వేరుపడ్డ రోజున పెద్దమనుషులు పొద్దున్నే కూర్చుని పొలం పంచారు, ఇల్లు పంచారు, గేదెలు పంచారు, ఇత్తడి గుండిగలు తూకమేసి మరీ పంచారు. బావి దగ్గరికొచ్చేసరికి మధ్యాహ్నమైంది, విస్తళ్లు వేశారు. "బావి ప్రస్తుతానికి ఉమ్మడి, తర్వాత చూద్దాం" అని లేచి చేతులు కడుక్కున్నారు. ఆ పూట గుత్తివంకాయ బ్రహ్మాండంగా కుదిరిందని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. తర్వాత చూసిందేమిటంటే, పెదనాన్న మూడు హెచ్‌పీ మోటారు బిగించాడు, అది చూసి మా నాన్న అయిదు హెచ్‌పీ బిగించాడు. ఒకే రేకు పెట్టెలో రెండు స్టార్టర్లు, పెట్టెకు రెండు తాళాలు. రాత్రి పన్నెండింటికి కరెంటొస్తే రెండు టార్చిలైట్లు రెండు గుమ్మాల నుంచి ఒకేసారి బయల్దేరేవి, పలకరింపుల్లేకుండా.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాన్ని పంచినప్పుడు కూడా ఎవరికో భోజనాల వేళ అయ్యుంటుంది. విభజన చట్టం 9వ షెడ్యూలులో 91 సంస్థలు, పదోదాంట్లో 142. వీటి పంపకం తర్వాత అన్నారు, కమిటీ వేశారు, కమిటీ సిఫార్సుల మీద మళ్లీ తగువు పడ్డారు. హైదరాబాద్ పదేళ్ల ఉమ్మడి రాజధాని అన్నదొక్కటే గడువు ప్రకారం 2024 జూన్ 2న ముగిసింది. అంతవరకూ కాలమే తేల్చిందని ఒప్పుకోవాలి. క్యాలెండరు చింపడం కన్నా దానికి వేరే పనేమీ లేదు కనుక తేల్చింది.

అసలు రుచి కృష్ణ నీళ్లలో ఉంది. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికిచ్చిన 811 టీఎంసీల్లో ఎవరి వాటా ఎంతో విభజన నాడు తేల్చలేదు. సాగర్ నిర్వహణ తెలంగాణకు, శ్రీశైలం నిర్వహణ ఆంధ్రకు అన్నారు. మా రేకు పెట్టె పద్ధతే. 2015 ఫిబ్రవరిలో సాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులూ తోసుకున్నాక అందరూ ఉలిక్కిపడి, ఆ జూన్‌లో ఢిల్లీలో కూర్చుని ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అని రాసుకున్నారు. ఆ ఒక్క ఏడాదికేనట. ఆ ఏడాది ఎంతకీ అయిపోలేదు. ఏ పంచాంగకర్తా దానికి పేరు పెట్టలేకపోయాడు.

పెద్ద విషయాలకు సమయం పడుతుందని మీరనవచ్చు. నిజమే. 1969లో కూర్చున్న బచావత్ మూడు రాష్ట్రాల గొడవ విని 1973లో తీర్పు చెప్పారు, 1976కు తుది రూపమిచ్చారు. ఆ తర్వాతి బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌ను 2004లో వేశారు. ఆ ఏడాది పుట్టిన పిల్లలు 2024 ఎన్నికల్లో ఓటేసి వచ్చారు. ట్రిబ్యునల్ మధ్యలో 2010లో ఒకసారి, 2013లో ఒకసారి చెప్పాల్సింది చెప్పింది కూడా. సుప్రీంకోర్టు స్టే వల్ల అది గెజిట్‌కెక్కలేదు. ఈలోగా రాష్ట్రమే రెండయింది, లెక్క మళ్లీ మొదటికొచ్చింది. ఇక కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ఆంధ్రప్రదేశ్‌లో ఉండాలని విభజన చట్టంలో ఉంటే, అది ఏళ్ల తరబడి హైదరాబాద్‌లోనే కూర్చుంది. తమ కుర్చీ ఎక్కడ వేసుకోవాలో తేలనివాళ్లు మన నీళ్లు తేల్చాలి!

అలా నానుతూ నానుతూ పప్పు 2023 నవంబరు 29 రాత్రి పొంగింది. తెల్లారితే తెలంగాణలో పోలింగు. ఆంధ్ర పోలీసులు సాగర్ డ్యాం మీదికెక్కి, 26 గేట్లలో 13వ గేటు దాకా మాదేనని అడ్డంగా ముళ్లకంచె వేశారు. కుడికాలువకు నీళ్లొదిలారు. ట్రిబ్యునళ్లు ఏళ్లపాటు చేయలేని పంపకాన్ని ఇనుప తీగ ఒక్క రాత్రిలో చేసింది. ఇరవై ఆరులో సగం పదమూడు, మూడో తరగతి లెక్క. ఢిల్లీ పెద్దలు వెంటనే పరుగెత్తుకొచ్చి ఏం చేశారు? 28వ తేదీన ఎలా ఉందో అలా ఉండాలన్నారు, డ్యాంను సీఆర్‌పీఎఫ్‌కు అప్పగించారు. దాన్ని యథాతథ స్థితి అంటారు. మా అరుగు భాషలో ప్రస్తుతానికి.

ఇది చేతకానితనం అనుకునేవాళ్లు అమాయకులు. తేలిన తగువు వట్టిపోయిన గేదె. తేలని తగువు అయిదేళ్లకోసారి కుండెడు పాలిస్తుంది. అవతలివాడు మన నీళ్లు దోచుకుపోతున్నాడని ఇటు ఒకరు, అటు ఒకరు మైకు పట్టుకోవచ్చు, ఇద్దరి ప్రసంగమూ ఒక్కరే రాసిపెట్టవచ్చు. చివరి భూముల రైతు మాత్రం ఆగస్టులో కాలువ గట్టున నిలబడి, నారు పోసుకోవాలా మినుము చల్లుకోవాలా అని లస్కరును అడుగుతాడు. లస్కరు పైవాళ్లను అడిగి చెబుతానంటాడు.

మా బావి సంగతి మధ్యలో వదిలేశాను. మోటార్ల పోటీ తర్వాత ఇద్దరూ చెరో పక్క బోర్లేశారు, బావి ఎండింది. మొన్న సంక్రాంతికి వెళ్లి తొంగిచూస్తే అడుగున కొబ్బరి డిప్పలు, ఒక ఒంటి చెప్పు. పిల్లలు పడతారు, పూడ్చేద్దామన్నాను. మా పెదనాన్న కొడుకు కాసేపు ఆలోచించి, "ఉమ్మడిది కదరా తమ్ముడూ, నాన్నవాళ్లే తేల్చలేదు, ప్రస్తుతానికి ఉండనీ" అన్నాడు. లోపల్నుంచి వదిన భోజనాలకు పిలిచింది.