నిమిషానికి 40,000 చుట్లు

నేను అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌ని. ఉస్మానియా క్యాంపస్‌లో, తార్నాక వైపున్న ఒక ప్రయోగశాలలో ఉంటాను. నా పని తిరగడం. గాలి తీసేసిన చల్లని అరలో, నిమిషానికి 40,000 చుట్లు, రాత్రంతా.

మా వంశం చిన్నదేమీ కాదు. 1920లలో స్వీడన్‌లో స్వెడ్‌బెర్గ్ మా మూలపురుషుణ్ణి తయారుచేశాడు. 1950 నాటికి కాలిఫోర్నియాలో జాన్ గోఫ్‌మన్ మావాళ్లలో ఒకరిని తిప్పి, రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే లైపోప్రొటీన్లు ఒక్క రకం కావని చూపించాడు.

నా దగ్గరికి ప్లాస్మా పొద్దుగూకే వేళకు వస్తుంది. అందులో పొటాషియం బ్రోమైడ్ కలిపి, సాంద్రత 1.063కు పెంచి, ఎదురెదురు ట్యూబుల తూకం సరిచూసి పెడతారు. ఆ తూకం తప్పితే మాత్రం నేను ఊరుకోను, వణికి ఆగిపోతాను.

"ఏందమ్మా, ఇంటికి పోవా? ఇది తెల్లారేదాక తిరుగుతదా?" అని అటెండర్ అడుగుతాడు.

"తిరుగుతదన్నా. కరెంటు పోతే మాత్రం నాకు ఫోన్ కొట్టు," అంటుంది రీసెర్చ్ చేసే అమ్మాయి.

తెల్లారేసరికి ఆ లైపోప్రొటీన్లలో తేలికైన ఎల్‌డీఎల్ మీగడలా పైకి తేలుతుంది. బరువైన హెచ్‌డీఎల్ అడుగునే ఉండిపోతుంది. ఆ ఎల్‌డీఎల్ పసుపుపచ్చగా, కొంచెం నారింజ రంగులో మెరుస్తుంది. అది కొలెస్ట్రాల్ రంగు కాదు. ఆ ప్లాస్మా ఇచ్చిన మనిషి తిన్న క్యారెట్టు, బొప్పాయిల రంగు!

ఆ పసుపుపచ్చని ఎల్‌డీఎల్‌ను పక్క గదిలో పెరుగుతున్న ధమని కండర కణాల మీద వేస్తారు. పెద్దవాళ్ల ధమని గోడలో ఈ కణాలు మామూలుగా విభజన జోలికే పోవు. ఎల్‌డీఎల్ తగిలితే కదులుతాయి, పెరుగుతాయి. కొత్త కణానికి కొత్త పొర కావాలి, పొరకు కొలెస్ట్రాల్ కావాలి. అంతటితో అయిపోలేదు. 'విభజించు' అని కణం లోపల సంకేతాలు పంపే ఎంజైములను కూడా ఎల్‌డీఎల్ తట్టిలేపుతుంది. ధమని జబ్బులో కండర కణాల పెరుగుదలే కీలకమని రసెల్ రాస్, జాన్ గ్లామ్‌సెట్ 1973లోనే వాదించారు.

గోడలో ఇరుక్కుని ఆక్సీకరణ చెందిన ఎల్‌డీఎల్ తీరు ఇంకా విచిత్రం. కొద్దిగా ఉంటే కండర కణాలను పెంచుతుంది, ఎక్కువైతే చంపేస్తుంది. ధమని లోపలి పూతగా ఉండే ఎండోథీలియల్ కణాలనూ గాయపరుస్తుంది. హెచ్‌డీఎల్ ఆ పూత మానడానికి తోడ్పడుతుంది.

అలాగని కండర కణాలు పెరగడమే నేరమంటే ఒప్పుకోను. ధమని గోడలో పేరుకున్న కొవ్వు ముద్ద మీద గట్టి పీచుపొర కట్టేది అవే. ఆ పొర పలచబడి చిట్లితే రక్తం గడ్డకట్టి గుండెపోటు రావచ్చు. పెరిగితే దారి ఇరుకు, చస్తే గోడ బలహీనం. ఇందులో దోషి ఎవరో తేల్చడం నా వల్ల కాదు.

నాకున్న అక్కసల్లా ఒక సూత్రం మీద. 1972లో ఫ్రీడ్‌వాల్డ్ బృందం నా అవసరమే లేకుండా ఎల్‌డీఎల్‌ను లెక్కకట్టే పద్ధతి రాసింది: మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను, రక్తంలోని మరో కొవ్వైన ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతును తీసేయడం. రాత్రంతా నేను తిరిగి చేసే పనిని అరనిమిషంలో కాగితం మీద ముగించేస్తారు! తప్పు పట్టను. ఊరందరి రక్తాన్నీ నేను తిప్పలేను కదా.

కానీ ట్రైగ్లిజరైడ్లు పెరిగితే ఆ లెక్క తడబడుతుంది. మా పొరుగున, 1958లో కూనూరు నుంచి తార్నాకకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థలో పుట్టుకతో లావెక్కే ఎలుకల వంశం ఒకటుంది. వాటి రక్తంలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువే. మనుషుల్లోనూ అలాంటివాళ్లు తక్కువేం కాదు.

అందుకే మీ రిపోర్టు ఒకసారి తీసి చూడండి. ట్రైగ్లిజరైడ్లు 400 దాటి ఉంటే, ఆ సూత్రంతో కట్టిన ఎల్‌డీఎల్ అంకెను నమ్మకండి. నేరుగా కొలిచే పరీక్ష రాయమని డాక్టరుగారిని అడగండి.