గిన్నెలో మిగిలింది
(ఒక చిలక గిన్నె ఆత్మకథ)

ఆత్మకథ అన్నాక ‘నేను’ అనాలి. కానీ ఒంటి మీద వేరేవాళ్ల పేరు చెక్కించుకున్న వస్తువుకు ఆ మాట నోట రాదు. అందుకని ఈ స్టీలు గిన్నె తన సంగతి తాను ‘ఈ గిన్నె’ అనే చెప్పుకుంటుంది. ఎవరి పెళ్లిలోనో చదివింపుల సామానుతో పాటు ఏలూరులోని ఈ ఇంటికి చేరింది. అంచు కింద చదివించినవారి ఇంటిపేరు, తారీఖు చుక్కలు చుక్కలుగా ఇప్పటికీ కనబడతాయి. కొన్నేళ్లు పిల్లల పెరుగన్నానికి వాడారు. పిల్లలు పెద్దయ్యాక గూట్లో వెనక వరసకు పోయింది. ఇంటికి చిలక వచ్చిన రోజున మళ్లీ బయటికొచ్చి పంజరంలో కూర్చుంది. ఇక అక్కణ్నుంచి ఈ కథలో సగం చిలకదే.

మొదట వాళ్లు తెద్దామనుకున్నది రామచిలకనే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన అడవి చిలకల్ని పట్టినా, అమ్మినా, ఇంట్లో పెంచినా నేరమేనని తెలిసి ఆగిపోయారు. తెచ్చింది ఆఫ్రికా బూడిద చిలకని. దీని కథా అంత తేలిక కాదు. అడవుల్లో విచ్చలవిడిగా పట్టేస్తున్నారని 2016లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన సైటీస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం) సమావేశం దీన్ని అత్యంత కట్టుదిట్టమైన జాబితాలోకి చేర్చింది. అందుకే పెంపకంలో పుట్టినదాన్ని కాగితాలతో సహా తీసుకున్నారు. ఇలాంటి పెంపుడు జీవాల నమోదుకు 2024 నిబంధనలు వచ్చాక కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు కూడా చేయించారు.

కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. తిండే సక్రమంగా లేదు.

రోజూ పొద్దున్నే పెద్దావిడ గిన్నె నిండా పొద్దుతిరుగుడు గింజలు పోసేవారు. చిలక గింజను ఉన్నదున్నట్టు మింగదు. ముక్కుతో పగలగొట్టి, నాలుకతో తిప్పి, పప్పు తిని పొట్టు మళ్లీ గిన్నెలోకే వదిలేస్తుంది. సాయంత్రం చూస్తే గిన్నె నిండుగానే ఉంటుంది. “ఇంకా ఉందిగా, రేపు పోద్దాంలే” అనేవారు. ఒకరోజు మనవరాలు వంగి గిన్నెలోకి ఉఫ్ మని ఊదింది. పొట్టంతా లేచి వరండా నిండా పడింది. అడుగున మిగిలినవి నాలుగంటే నాలుగు గింజలు. నిండు గిన్నె ఎదురుగా పెట్టుకుని పస్తున్న పక్షి ఇదొక్కటే కాదు. గింజలు పెట్టే ఇళ్లలో తరచూ జరిగేదే ఇది. ఆనాటి నుంచి ఈ ఇంట్లో గిన్నెను చూడటం మానేసి ఊది చూడటం అలవాటైంది.

తర్వాత కొట్లో అమ్మే కలగలుపు గింజలు తెచ్చారు. కొర్రలు, సజ్జలు, కుసుమలు, పొద్దుతిరుగుడు అన్నీ ఉన్నాయి కాబట్టి అన్ని పోషకాలూ అందుతాయని ధీమా. గిన్నెకు మాత్రం అసలు లెక్క తెలుసు. చిలక ముక్కుతో కెలికి పొద్దుతిరుగుడు గింజలే ఏరుకునేది, మిగతావి కిందకు నెట్టేసేది. పొట్టు తీసిన పొద్దుతిరుగుడు పప్పులో దాదాపు సగం కొవ్వే. కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ, విటమిన్ ఎ ఇంచుమించు లేనట్టే. పొట్లంలో ఎన్ని రకాలున్నా ఒంటికి చేరేది ముక్కు ఏరుకున్నదే.

ఒక మధ్యాహ్నం చిలక కొయ్య మీంచి జారి పంజరం అడుగున పడింది. రెక్కలు విప్పారి, కాళ్లు బిగుసుకుని వణికింది. ఇంటిల్లిపాదీ కంగారుగా పంజరం కారులో పెట్టుకుని విజయవాడలో పక్షులకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి పరుగెత్తారు. పంజరంతో పాటు ఈ గిన్నె కూడా వెళ్లింది. డాక్టరు చిలకకు అత్యవసర చికిత్స చేసి, రక్తం తీసి పరీక్షకు ఇచ్చి, ఆ తర్వాత నేరుగా గిన్నెలోకి చూశారు.

“ఈ గింజలు కాక ఇంకేం పెడుతున్నారండీ?”

“అప్పుడప్పుడూ బిస్కెట్టండీ, టీలో ముంచి,” అన్నారు పెద్దావిడ.

రక్తంలో కాల్షియం బాగా పడిపోయింది. బూడిద చిలకల్లో ఇది తరచూ కనబడే జబ్బు, మూర్ఛ దాని గుర్తు. గింజల్లో కాల్షియం తక్కువగా ఉండటం ఒక కారణం. రెండోది, పంజరం ఎప్పుడూ అద్దాల కిటికీ లోపలే ఉండటం. కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి. అది తయారవ్వాలంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగలాలి. కిటికీ అద్దం వెలుతురును రానిస్తుంది గానీ ఆ కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. డాక్టరు చిలక నోరు తెరిచి అంగిలి కూడా చూపించారు. అక్కడ మొనదేలి ఉండాల్సిన చిన్న చిన్న బొడిపెలు అరిగి మొద్దుబారాయి. విటమిన్ ఎ కరువైందనడానికి అదే ఆనవాలు.

ఇంటికొచ్చీ రాగానే ఆకుకూరలు మొదలయ్యాయి. మొదటి వారం గిన్నె నిండా పాలకూరే. అందులో కాల్షియం ఉన్నా ఆక్సలేట్లు దాన్ని కట్టిపడేస్తాయని, మునగాకు పెట్టమని డాక్టరు ఫోనులో చెప్పారు. వంద గ్రాముల మునగాకులో కాల్షియం 300 మిల్లీగ్రాముల పైమాటే, విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ కూడా దండిగా ఉంటుంది. పెరట్లో చెట్టు ఉండనే ఉంది. రెమ్మను కడిగి తడితోనే పంజరానికి కడితే చిలక ముందు అందులో స్నానం చేసి, ఆ తర్వాత తిన్నది.

ఉడికించిన చిలగడదుంప, గుమ్మడి ముక్క, క్యారెట్ తురుము, బొప్పాయి, మొలకెత్తిన పెసలు ఒక్కొక్కటే గిన్నెలోకి వచ్చాయి. తొలిరోజుల్లో అన్నీ వచ్చినవి వచ్చినట్టే మిగిలాయి. కొత్త తిండంటే చిలకకు అనుమానం. గుంపులో మరో చిలక తింటుంటే చూసి గానీ ముట్టుకోదు. ఇంట్లో రెండో చిలక లేదు కాబట్టి ఆ వేషం పెద్దాయన కట్టారు. పంజరం ముందు కుర్చీ వేసుకుని క్యారెట్ ముక్క కొరికి “అబ్బ, ఏం రుచి!” అని లొట్టలేసేవారు. పక్కింటివాళ్లు తొంగి చూసేవారు. మెల్లగా పని జరిగింది.

పచ్చిమిరపకాయకు మాత్రం ఆ నాటకం అక్కర్లేకపోయింది. ఇచ్చీ ఇవ్వగానే కాలితో పట్టుకుని గింజలతో సహా నమిలేసింది. మన నోట్లో మంట పుట్టించే క్యాప్సైసిన్‌కు పక్షుల్లోని గ్రాహకం స్పందించదు. గుంటూరు పండుమిరప అయినా చిలకకు అది విటమిన్ ఎ ఉన్న ఎర్రటి పండే. ఆవకాయ అన్నం సంగతి వేరు. కారానికి కాదు, ఉప్పుకు భయపడాలి.

మరో వింతను పెద్దాయన స్నేహితుడు పెదవేగి వైపు తోట నుంచి తెచ్చాడు. పామాయిల్ గెల నుంచి విడదీసిన పండ్లు. ఈ చెట్టు పుట్టిల్లు పశ్చిమాఫ్రికా. అక్కడి అడవుల్లో బూడిద చిలకలు ఇష్టంగా ఒలుచుకు తినే పండు ఇదే. ఆ నారింజ రంగు గుజ్జు నిండా కెరోటిన్. రెండు పండ్లు కడిగి వేస్తే గిన్నె ఎర్రబడింది, చిలక ముక్కూ ఎర్రబడింది. “చూడండి, తోక కూడా ఇంకా ఎర్రగా అవుతుంది,” అన్నారు పెద్దాయన. కానీ కాదు. రాజహంస గులాబీ రంగు తిండి నుంచి వస్తుంది, చిలక తోక ఎరుపు మాత్రం దాని ఒంట్లోనే తయారయ్యే వర్ణద్రవ్యం. నూనె ఎక్కువ కాబట్టి ఆ పండ్లు ఎప్పుడో ఒకసారే.

ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అతికించారు. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి, ఉడకని రాజ్మా, ఆపిల్ గింజలు: ఇవేవీ వద్దు. అవకాడోలోని పెర్సిన్ చిలక గుండెనే దెబ్బ తీస్తుంది. పాలలోని చక్కెర పక్షులకు అరగదు. బూజు పట్టిన వేరుశనగలో అఫ్లాటాక్సిన్ ఉండొచ్చు, అది కాలేయానికి విషం. అన్నింటికన్నా కింద పెద్ద అక్షరాలతో నాన్‌స్టిక్ పెనం అని రాశారు. తిండి కాకపోయినా, అది మాడితే వచ్చే పొగ పక్షిని నిమిషాల్లో చంపగలదు.

గింజలు ఒక్కసారిగా ఆపలేదు. అన్ని పోషకాలూ కలిపి అచ్చుపోసిన పెల్లెట్లు కొద్దికొద్దిగా కలుపుతూ వారాల తరబడి మార్చారు. ఆ రోజుల్లో పొద్దున్నే చిలకను వంటింటి త్రాసు మీద నిలబెట్టి మనవరాలు బరువు రాసేది. తింటున్నట్టు నటించి ముక్కలు చేసి పారేసే జాతి ఇది, బరువు తగ్గుతోందేమో అంకెలే చెప్పాలి. ఇప్పుడు తిండిలో సగానికి పైగా పెల్లెట్లు, మిగతాది కూరలు, ఆకులు, కాస్త పండు. గింజలు మాట నేర్పేటప్పుడు బహుమానంగానే. చిలక జోస్యం చెప్పేవాళ్లు చీటీ తీసినందుకు వడ్ల గింజ ఇచ్చేది ఈ లెక్కనే కదా!

తిండితో పాటు అది పెట్టే తీరూ మారి గిన్నెకు పని తగ్గింది. అడవిలో చిలకకు పగటిపూట గంటలకు గంటలు తిండి వెతుక్కోవడంతోనే గడుస్తుంది, గిన్నెలో పోస్తే అరగంటలో అయిపోతుంది. మిగిలిన పొద్దంతా ఏం చేయాలో తోచక కొన్ని చిలకలు ఈకలు పీక్కుంటాయి. అందుకని పొద్దుటి కూరలు విస్తరాకు దొప్పలో చుట్టి, కాగితపు ఉండల్లో దాచి, కొబ్బరి చిప్పలో కుక్కి వేలాడదీస్తున్నారు. తడి తిండి ఏలూరు ఎండలకు ఇట్టే పాడవుతుంది, రెండు గంటల్లో తీసేస్తారు. ఈ గిన్నె వంతు సాయంత్రం పెల్లెట్లే.

అదీ ప్రశాంతంగా లేదు. పక్కనున్న నీళ్ల గిన్నెలో పెల్లెట్లు ముంచుకుని తినడం చిలకకు కొత్తగా పట్టుకుంది. నీళ్లు గంజిగా మారతాయి, అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. రోజుకు మూడుసార్లు కడగలేక పెద్దావిడ రెండు గిన్నెలనూ పంజరం చెరో మూలకు జరిపారు. చిలక ఇప్పుడు పెల్లెట్‌ను ముక్కున కరుచుకుని, కొయ్య పొడవునా తాపీగా నడిచి వెళ్లి, ముంచుకుని, మళ్లీ ఇంకోదాని కోసం వెనక్కొస్తోంది.