తర్వాత గుర్తు చెయ్యి

మామూలు జనం కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కి మారతారా, మారరా అని కంప్యూటర్ పండితులు ఏళ్ల తరబడి బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. అంత శ్రమ అక్కర్లేదు. మారతారు. కరెంటు హెచ్చుతగ్గులకి మదర్‌బోర్డు కాలిపోయి, షాపతను ‘దీన్ని బాగుచేయించేకంటే కొత్తది తీసుకోవడం మేలు సార్’ అన్న రోజున కచ్చితంగా మారతారు. కొత్త డబ్బాలో ఏ విండోస్ వస్తే అదే వాళ్ల విండోస్. ఈలోపు తెర మూల నుంచి కంపెనీ ఎంత బతిమాలినా వాళ్లు నొక్కేది ఒక్కటే: ‘తర్వాత గుర్తు చెయ్యి’.

ఎల్లకాలం ఇలాగే లేదు. 1995 ఆగస్టు 24 అర్ధరాత్రి విండోస్ 95 డబ్బాల కోసం అమెరికాలో దుకాణాల ముందు జనం బారులు తీరారు. 2001లో ఎక్స్‌పీ వచ్చింది. పచ్చగుట్ట, నీలాకాశం, కింద ఆకుపచ్చ స్టార్ట్ బటన్. జనం అక్కడే ఇల్లు కట్టుకున్నారు. 2007లో విస్టా వచ్చి ఏ పని చేయబోయినా ‘నిజంగానే చేయమంటారా?’ అని అడగడం మొదలుపెట్టింది. ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఇంట్లో ఇదివరకే ఉన్నారు కాబట్టి ఎవరూ దాన్ని లోపలికి రానివ్వలేదు. 2012లో విండోస్ 8 వచ్చి స్టార్ట్ బటన్‌నే ఎత్తేసింది. గోల లేచాక, ఏడాదికి 8.1లో ఆ బటన్‌ని తెచ్చి మళ్లీ మూలన పెట్టారు. ఎక్స్‌పీ మీదే కూర్చున్నవాళ్లకి బటన్ పోయిందనీ తెలీదు, తిరిగొచ్చిందనీ తెలీదు. బద్ధకానికి ఇంత చక్కటి ప్రతిఫలం ఇంకే రంగంలోనూ దక్కదు.

2014 ఫిబ్రవరిలో మన హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారని సంబరపడ్డాం. రెండు నెలలకి, ఏప్రిల్ 8న, అదే కంపెనీ ఎక్స్‌పీకి మద్దతు ఆపేసింది. ఆయనకి అభినందనల ఫ్లెక్సీలు ఎక్కడైనా కట్టి ఉంటే, అవి ఎక్స్‌పీ మీదే తయారై ఉంటాయని నా ప్రగాఢ విశ్వాసం.

కావాలంటే మీ ఊళ్లో పాత డీటీపీ సెంటర్‌కి వెళ్లి చూడండి. సీపీయూకి పక్క రేకు ఉండదు. వేడెక్కుతోందని ఊడదీసి, టేబుల్ ఫ్యాన్ అటు తిప్పి పెట్టి ఉంటారు. తెర మీద పేజ్‌మేకర్ 7, అందులో అను ఫాంట్లు. ‘అన్నా, కొత్త విండోస్ వేయించరాదే?’ అనండి. ‘వేయిస్త. అండ్ల పేజ్‌మేకర్ నడుస్తదా? అను నడుస్తదా? శుక్రవారం లగ్గం ఉంది, కార్డులు నువ్విస్తవా?’ ఈ మూడు ప్రశ్నలకీ రెడ్‌మండ్‌లోని మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయంలో సమాధానం దొరకదు. తమాషా ఏమిటంటే, యూనికోడ్ తెలుగు కోసం గౌతమి ఫాంటుని వెంటబెట్టుకొచ్చింది కూడా ఆ ఎక్స్‌పీయే. కానీ ఆ గదిలో ఇన్నేళ్ల శుభలేఖలన్నీ అనులోనే ఉన్నాయి. పాతది తెరిచి వధూవరుల పేర్లు, ముహూర్తం మార్చడమే అక్కడి వ్యాపారం. కొత్త విండోస్ వేస్తే ఊడిపోయేది గిరాకీ.

జనం కదలడం లేదని చూసి, 2015 జులై 29న విడుదల చేసిన విండోస్ 10ని ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చారు. మనవాళ్లు ఉచితమంటే వెనకాడతారా? వెనకాడారు. అప్పుడు కంపెనీకి కోపమొచ్చింది. 2016లో అప్‌గ్రేడ్ చేసుకోమనే ప్రకటన కిటికీ మూల ఉన్న ఎర్ర ఇంటూ గుర్తు నొక్కితే కిటికీ మూసుకునేది కానీ, ముందే ఖరారు చేసిన అప్‌గ్రేడ్ రద్దయ్యేది కాదు. వద్దు అనడాన్ని మౌనంగా, మౌనాన్ని అంగీకారంగా లెక్కగట్టారన్నమాట. కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఒకావిడ, అడక్కుండా మొదలైన అప్‌గ్రేడ్ వల్ల తన కంప్యూటర్ మూలపడిందని కోర్టుకెక్కి 10,000 డాలర్లు రాబట్టింది. విండోస్ వల్ల బాగుపడిన మామూలు వినియోగదారు ఎవరని ఎవరైనా అడిగితే, నాకు తట్టే పేరు ఆవిడదే.

ఇక కొత్త విండోస్ వేయించుకుందామని మెకానిక్ దగ్గరికి వెళ్లిన మనిషి సంగతి. ‘సీ డ్రైవ్‌లో ఏమైనా ఉన్నాయా సార్?’ అని అడుగుతాడు. ‘అందులో ఏముంటాయి? నావన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి’ అంటాడు ఈయన ధీమాగా. ఆ డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవ్‌లోనే అన్న సత్యం ఫార్మాట్ కొట్టాక గానీ బోధపడదు. మనవరాలి బారసాల ఫొటోలు, ఎల్‌ఐసీ కాగితాలు, బదిలీ కోసం రాసుకున్న అర్జీ, అన్నీ గోవిందా. అలాంటివాడికి మళ్లీ జన్మలో అప్‌డేట్ అన్న మాట వినపడకూడదు. 2018 అక్టోబర్‌లోనైతే మెకానిక్ కూడా అవసరం లేకపోయింది. విండోస్ 10 అప్‌డేటే కొందరి డాక్యుమెంట్లు చెరిపేసింది, కంపెనీ దాన్ని అర్ధాంతరంగా ఆపేసుకుంది.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా కంపెనీ పంపిన అప్‌డేట్ తేడా కొట్టి, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారమే 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. శంషాబాద్‌లో విమానం ఎక్కేవాళ్లకి బోర్డింగ్ పాస్ చేత్తో రాసిచ్చారు. ఆ రోజు డీటీపీ అన్న ఎన్ని కార్డులు కొట్టాడో, ఎంత మురిసిపోయాడో ఊహించుకోండి.

అలాగని మన వాయిదావీరుణ్ని పల్లకిలో ఊరేగించక్కర్లేదు. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని వణికించింది. బ్రిటన్ ఆసుపత్రుల నుంచి ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్ల దాకా తాళం వేసి, తెరవాలంటే డబ్బు కట్టమంది. దానికి విరుగుడు అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది. దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 యంత్రాలు, అంటే ఉచితంగా మందు అందుతున్నవే. రెండు నెలలపాటు ‘తర్వాత గుర్తు చెయ్యి’ నొక్కుతూ వచ్చారు. చివరికి వైరసే గుర్తు చేసింది. ఎక్స్‌పీకి మద్దతు పోయి నాలుగేళ్లయ్యాక, 2018 జూన్‌లో, ఏటీఎంలలో మద్దతు లేని సాఫ్ట్‌వేర్‌ని ఏడాదిలో మార్చండని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి గడువులు పెట్టాల్సొచ్చింది. డబ్బులు దాచే బ్యాంకులకే అంత తీరిక లేనప్పుడు, శుభలేఖలు కొట్టే అన్నని ఏమంటాం?

ఇప్పుడు కథ అడ్డం తిరిగింది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మద్దతు ముగిసింది. ఈసారి భయపడి, కొందరు నిజంగానే మారదామని లేచారు. విండోస్ 11 తలుపు దగ్గర ఆపేశారు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉందా? ప్రాసెసర్ జాబితాలో ఉందా? అచ్చం సంక్షేమ పథకమే: సాయం ఉచితం, అర్హుల జాబితాలో మాత్రం మీ పేరు లేదు. నిన్నటిదాకా నిక్షేపంగా నడిచిన యంత్రం పొద్దున్నే అనర్హురాలైంది. అనర్హులకి ఊరట ఉంది లెండి. మరో ఏడాది రక్షణ కావాలంటే 30 డాలర్లు కట్టాలి, లేదా 1000 రివార్డ్ పాయింట్లు ఇవ్వాలి, లేదా సెట్టింగ్స్ తీసుకెళ్లి కంపెనీ క్లౌడ్‌లో దాచాలి. ఇరవయ్యేళ్లు ‘మారండి’ అని వెంటపడ్డవాళ్లే, తీరా మారతామంటే ‘ముందు కంప్యూటర్ మార్చండి’ అన్నారు.

నిజానికి జనానికి భద్రత మీద పగ లేదు. తాళం బాగుచేస్తామని వచ్చినవాళ్లు ఆ చేత్తోనే బీరువా జరిపి, వంటిల్లు మార్చి, గోడకి ప్రకటనలు అంటించి పోతున్నారు. విండోస్ 10తో పాటు స్టార్ట్ మెనూలోకి క్యాండీ క్రష్ వచ్చి కూర్చుంది, విండోస్ 11లో స్టార్ట్ బటనే మూల నుంచి మధ్యకి జరిగింది. అవసరమైన మందూ, అక్కర్లేని ముచ్చటా ఒకే పొట్లంలో కట్టి ఇస్తే, జనం పొట్లాన్నే పక్కన పెడతారు. తాళం వరకే బాగుచేసి, మిగతా ఇల్లు ముట్టుకోమని కంపెనీలు రాతపూర్వకంగా హామీ ఇస్తే, డీటీపీ అన్న కూడా ఆలోచిస్తానన్నాడు. పెళ్లిళ్ల సీజన్ అయ్యాక.